బుధవారం ఆంటీ

ఆంటీ పోయిందన్న వార్త నాకు ఫోన్‌లోనే వచ్చింది. లాలాగూడలో మేము అద్దెకున్న గల్లీ వాళ్ల గ్రూపు ఒకటి ఇంకా నా ఫోన్‌లో పడి ఉంది. పొద్దున్నే దాంట్లో ఒక ఫోటో, కింద "ప్రభువునందు నిద్రించిరి" అని. అల్వాల్ బస్సులో ఒంటి చేత్తో రాడ్డు పట్టుకుని చదివాను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. నిద్రించడమేంటి? ఆ మనిషి నిద్రపోతుంటే చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మధ్యాహ్నం గల్లీ మొత్తం, కుక్కలతో సహా, కాళ్లు చాపుకుని పడుకుంటే సరిగ్గా అప్పుడే మా మెట్ల మీద టపటపమని చెప్పుల చప్పుడు వినిపించేది. తలుపు కొట్టే అలవాటు కూడా లేదు. ఇల్లు ఆమెది కాబట్టి తలుపు కూడా ఆమెదే అని లెక్క.

పైగా ఆ ఫోటో ఆమెది కాదు. అంటే ఆమెదే, కానీ చర్చిలో ఏదో పెళ్లిలో తీసింది. పట్టుచీర కట్టుకుని నిండుగా నవ్వుతోంది. ఆంటీ అలా నవ్వదు. ఆంటీ నవ్వితే మొహంలో ఒక పక్కే నవ్వేది. రెండో పక్క మనల్ని ఇంకా తిడుతూనే ఉండేది.

ఆమె అసలు పేరు గల్లీలో ఎవరూ వాడలేదు, నేనూ ఇక్కడ వాడను. ముందర ఆంటీ, వెనక బుధవారం ఆంటీ. దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బుధవారం పిల్లలకు టీకాలు వేస్తారు. ఆ రోజు పొద్దున ఆంటీ మడిచిన గొడుగు ఒకటి పట్టుకుని గల్లీ మొదట్లో ప్రత్యక్షమయ్యేది. వానొచ్చినా ఎండొచ్చినా ఆ గొడుగు విప్పగా నేను చూడలేదు. అది గేట్లు కొట్టడానికి. టంగ్ టంగ్ టంగ్. చంటిపిల్లలున్న ఇళ్లన్నీ ఆమెకు తెలుసు, కడుపుతో ఉన్న ఇళ్లు ఆ ఇంటాయనకంటే ముందే తెలుసు.

"ఆంటీ, ఇయ్యాల పిల్లకి జలుబున్నది" అని ఏ తల్లైనా గొణిగితే, "నేను అడగట్లేదమ్మా, చెప్తున్నా. చెప్పులేసుకో" అనేది.

కాసేపటికి పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లంతా ఒక వరసలో, ముందర గొడుగుతో ఆంటీ, గల్లీ దాటి పోయేవాళ్లు. మా ఆయన బాల్కనీలో పళ్లు తోముకుంటూ ఆ వరసని చూసి "రెజిమెంట్ కదిలింది" అనేవాడు.

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో బంద్ లేని వారం తక్కువ. ఒక బుధవారం గల్లీ మూలన కుర్రాళ్లు షట్టర్లు దింపించి, టైరు ఒకటి అంటించి అడ్డంగా నిలబడ్డారు.

"ఆంటీ, ఇయ్యాల బంద్. వాపస్ పొండ్రి."

"మీ రాష్ట్రం మీరు తెచ్చుకోండి నాయనా, నేనేమన్నా అడ్డమా? బుధవారం మాత్రం నాది. జరుగు."

జరిగారు. ఎందుకు జరగరు, అందులో ఒకడి పెళ్లాం అదే వరసలో పిల్లాణ్ణెత్తుకుని ఉంది. ఆంటీది గుడివాడ వైపు. పెళ్లయి రైల్వే మొగుడితో ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా ఆ యాస ఇసుమంత కూడా అరగలేదు. "ఆంధ్రా ఆంటీయే గానీ మస్తు డేంజర్ రా బై" అని ఆ కుర్రాడు తర్వాత కిరాణా కొట్టు దగ్గర చెప్పుకుంటుంటే నేనే విన్నాను.

మేము ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు కూడా అంతే. జీతమెంత, కులమేంటి, మాంసం వండుతారా, ఇవేవీ అడగలేదు. "చెయ్యి చూపించు" అంది. చిన్నప్పటి టీకా మచ్చ ఉందో లేదో చూడాలట. నాది పొట్టి చేతుల డ్రెస్సు, బతికిపోయాను. మా ఆయన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టైటు. కిరాయికి ఇల్లు చూడ్డానికొచ్చి ఓనర్ ముందర చొక్కా విప్పిన మొగుడు సికింద్రాబాద్ మొత్తంలో మా ఆయనొక్కడే అయ్యుంటాడు. అంకుల్ పేపర్ వెనక నుంచి జాలిగా చూశారు. ఆయన వర్క్‌షాపులో రిటైరయ్యారు. ఇంట్లో అంతకుముందే రిటైరయ్యారు.

ఇంత చేసే మనిషికి టీకాల గురించి బాగా తెలుసనుకునేరు. ఒక్క ముక్క తెలీదు. పోలియో చుక్కలతో పళ్లు గట్టిపడతాయనేది. పుట్టగానే వేసేది జలుబు రాకుండా అనేది. మూడు జబ్బులకు కలిపి వేసే సూదిని మూడు చోట్ల గుచ్చుతారని ఒక బాలింతను హడలెత్తించింది. నాకు ఇలాంటివి వింటే ఒళ్లు మండుతుంది. అక్కడికక్కడే ఫోన్ తీసి చూపించేదాన్ని.

"అది తప్పు ఆంటీ. ఇది చూడండి. జలుబుకు కాదు, టీబీకి."

"ఏ జబ్బుకైతే ఏంటే? అది డాక్టరుకు తెలుసు. నాకు దారి తెలుసు."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? అయినా నేను వాదించాను. నాకు వాదించకపోతే అన్నం అరగదు.

అసలు గొడవ మా చింటూకి తొమ్మిది నెలలు నిండినప్పుడు మొదలైంది. అంతవరకూ వాడికి మెట్టుగూడలో ఒక ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర వేయించాం. మూడు నెలలు దాటాక వేసిన సూదికి వాడి తొడ వాచిపోయింది, జ్వరం వచ్చింది, తెల్లారేదాకా గుక్కపట్టి ఏడ్చాడు. వాడితోపాటు నేనూ ఏడ్చాను, మా ఆయన్ను తిట్టాను, డాక్టర్ని తిట్టాను, సూది కనిపెట్టినవాడెవడో వాణ్ణీ తిట్టాను. ఇక జన్మలో వేయించనన్నాను. ఇప్పుడేమో తట్టు టీకా టైమొచ్చింది.

మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. బొల్లారం నుంచి మా అత్తమ్మ ఫోన్‌లో, "తట్టువోస్తే ఏమైతదే? అమ్మోరు వస్తది, వేపాకు పెడితే పోతది. మీ ఆయనకు పోసింది, సచ్చిండా?" అంది. మా ఆయన పద్ధతి ఇంకా బాగుంటుంది. "నీ ఇష్టం" అంటాడు. నిర్ణయం నాది, తర్వాత ఏమన్నా అయితే తప్పు కూడా నాది.

నాకున్నది ఫోనొక్కటే. పాలిస్తూ చదివేదాన్ని, కుక్కర్ కూతలు లెక్కపెడుతూ చదివేదాన్ని, బాత్రూమ్‌లో కూడా చదివేదాన్ని. అలా చదువుతుంటే ఒక చోట కనిపించింది, ఈ తట్టు సూది వేశాక కొందరు పిల్లలకు మాటలు ఆగిపోతాయని. మా చింటూ అప్పుడే ఫ్యాన్ కేసి చూస్తూ "తతతతా" అనడం మొదలుపెట్టాడు. ఫ్యానుతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు. ఆ కాస్త మాట కూడా పోతే?

సరిగ్గా అప్పుడే టపటపమని చెప్పులు. ఆంటీ వచ్చి పైమెట్టు మీద కూలబడింది.

"ఏమ్మాయ్, పిల్లాడికి తొమ్మిది నెలలు నిండిపోయాయి. ఆ ఏసీ డాక్టరు దగ్గరికెళ్తావో, నాతో వస్తావో చెప్పు. బుధవారం."

"నేను వేయించ ఆంటీ."

"నేను అడగట్లేదమ్మా, చెప్..."

"మీరు చెప్తే అయిపోయిందా? వాడు మీ కొడుకా? అప్పుడు వాడు జ్వరంతో కాలిపోతుంటే మీరొచ్చి మోసిన్రా? ఏ సూది దేనికో మీకు తెల్వదు. తెల్వకుండనే అందరినీ లాక్కపోతరు. ఆగండి, ఇది వినండి!"

అక్కడే మెట్ల మీద నిలబడి నేను ఫోన్ పైకెత్తి చదవడం మొదలుపెట్టాను. కోపంలో ఉన్నానేమో, గొంతు బాగా వచ్చింది. పెద్ద పెద్ద డాక్టర్లు దాస్తున్న నిజాలు. తల్లులారా మేలుకోండి. మాట పోయిన పిల్లలు. ఆంటీ మధ్యలో ఎదురు మాట్లాడుతుందని చూశాను. మెట్టు మీద కూర్చున్న మనిషి మెల్లగా లేచి నిలబడింది. చీర కొంగు తల మీదికి లాక్కుంది. నాకు తర్వాత అర్థమైంది. ఆదివారం చర్చిలో పుస్తకం తెరిచి చదువుతుంటే వాళ్లు లేచి నిలబడతారు. ఎవరైనా గట్టిగా, తడబడకుండా చదివితే ఆ ఒళ్లు దానంతటదే లేచిపోతుంది.

"ఇంకోసారి చదువు" అంది.

నేను ఇంకోసారి, ఇంకాస్త యాక్షన్‌తో చదివాను.

"అంతా దాంట్లోనే రాసుందా?"

"ఇగో, చూడండి!"

ఫోన్ చూడలేదు. నా చంకలో ఉన్న చింటూ కేసి చూసింది. గొడుగు చంకలో పెట్టుకుని కిందికి దిగిపోయింది. నాకు పండగ. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే, "ఆంటీ నోరు మూయించిన" అని చెప్పాను. ఆయన నమ్మలేదు, చొక్కా గుండీలు తడుముకున్నాడు.

బుధవారం వచ్చింది. గొడుగు చప్పుడు లేదు. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. ఇంకో బుధవారం వచ్చింది. రెజిమెంట్ లేదు. బాల్కనీ లోంచి చూస్తే ఆంటీ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, ఆదివారం మనిషిలా.

ఆ మధ్యాహ్నం పక్కింటి షబానా మేడ మీద బట్టలు తీస్తూ నన్ను పిలిచింది. వాళ్లాయనకు చౌరస్తాలో పరుపుల దుకాణం ఉంది. వాళ్ల పాప మా చింటూ కంటే నాలుగు రోజులే చిన్నది.

"అక్కా, గా సూది ఏపియ్యొద్దని నువ్వు చెప్పినవంట గదా? మంచిగ చెప్పినవ్. లేకుంటే మా పిల్ల పరేషాన్ అయితుండె."

"నేనేడ చెప్పిన?"

"ఆంటీ చెప్పింది. ఇంటింటికీ పోయి చెప్పింది. పైన మేడం ఫోన్ల చూసింది, పిల్లలకు మాట పడిపోతదంట, ఎవ్వరు రావొద్దు అని."

"నేను నా పిల్లగాని గురించి చెప్పిన! మీ పిల్లల సంగతి నాకెందుకు?"

"గదేందక్కా, నీ పిల్లగానికి మంచిగ లేనిది మా పిల్లలకు ఎట్ల మంచిగుంటది?"

ఒక్క ముసలామెను గుమ్మం దాటించడానికి నేను అరిచిన అరుపు అది. అది గల్లీలో చట్టమైపోయింది. గొడుగుతో కదిలిన వరస గొడుగుతోనే ఆగిపోయింది.

"ఇంకోటి ఎరుకనా? చివరింట్ల బాబుకు తట్టు వోసింది. ఒళ్లంత ఎర్రగ. కండ్లు తెరుస్తలేడు, పాలు తాగుతలేడు. దవాఖానకు తీస్కపోయిన్రు" అంది షబానా, పాప గౌను దులుపుతూ.

సాయంత్రం మా ఆయనకు చెబితే, "బంద్ సక్సెస్ అన్నట్టు. లీడర్‌వి అయినవ్ పో" అన్నాడు. నీళ్ల బాటిల్ విసిరాను. తగల్లేదు. కోపమంతా ఆయన మీద కాదు. నా పిల్లాడి మీద నాకు హక్కుంది అని అరవడం సుఖంగానే ఉంటుంది. గల్లీ పిల్లలందరి మీదా ఆ హక్కు తెచ్చి ఒళ్లో పడేస్తే మాత్రం దించే చోటు దొరకదు.

ఆ వ్యాసం మళ్లీ తెరిచాను. ఈసారి తీర్పు చెప్పాల్సినదానిలా చదివాను. చేతిలో ఎప్పుడూ ఫోనుండే నాలాంటిదానికి కూడా ఒక జబ్బుంది. కోపం తెప్పించేదాకా చదువుతాం, కోపం రాగానే ఆపేస్తాం. అడుగు దాకా ఎప్పుడూ వెళ్లం. ఈసారి వెళ్లాను. అడుగున ఒక డబ్బా బొమ్మ. పిల్లలకు జబ్బులు రాకుండా చేసే వేర్ల పొడి. తేనెలో కలిపి నాకించాలి. ఇంటికే పంపుతారు. తల్లులారా మేలుకోండి అని పిలిచింది ఆ పొడి కొనడానికి.

తిట్టాను. గట్టిగానే తిట్టాను, చింటూ భయపడి ఫ్యాన్ కేసి చూశాడు. తర్వాత మెట్టుగూడ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. అప్పటి సూదికి జ్వరం, వాపు చాలామందికి వచ్చేవే, తగ్గిపోతాయి. తట్టు సూదికీ మాట పోవడానికీ సంబంధం లేదు. తట్టు వచ్చిందంటే మాత్రం చిన్నపిల్లల్లో ఊపిరితిత్తులదాకా పోవచ్చు. "మీ గల్లీలో కేసుందంటున్నారు. ఇంకా ఆలోచిస్తున్నారా?" అన్నారు. ఆలోచిస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది. కానీ నిజం చెప్పాలంటే భయం పూర్తిగా పోలేదు. తెలుసుకుంటే భయం పోతుందని ఎవరు చెప్పారో గానీ నాకైతే పోలేదు.

కిందికి దిగి ఆంటీ ముందర నిలబడ్డాను.

"ఆంటీ, ఈ బుధవారం పోదాం. అందరినీ తీస్కపోండి."

"ఎక్కడికి?"

"సూదికి."

"అదేంటమ్మా. మాట పోతుందని నువ్వే కదా చదివావు."

"అది అబద్ధం. కింద పొడి అమ్ముకుంటున్నరు. డాక్టర్ని అడిగిన."

"మళ్లీ మార్చిందా నీ ఫోను?" ఆంటీ చిక్కుడుకాయ ఒకటి విరిచి నార లాగింది. "రెండుసార్లు చదివించుకున్నాను. నువ్వు ఎంత బాగా చదివావు! ఇప్పుడు మళ్లీ ఇంటింటికీ వెళ్లి ఏం చెప్పమంటావు? ఆ అమ్మాయికి కోపమొచ్చి చదివింది, ఇప్పుడు కోపం తగ్గింది, రండి అని చెప్పనా?"

"అవును, అట్లనే చెప్పండి!"

"నేను చెప్పను. ముందు నీ పిల్లాడికి అక్కడే, అందరి ముందరా వేయించు. వాళ్లే చూస్తారు."

"అంటే మా చింటూ మీకు శాంపిలా?"

మొహంలో ఒక పక్క నవ్వింది. "నేను అడగట్లేదమ్మా" అంది.

వెళ్లాం. వచ్చి చూడమని మాత్రమే చెప్పి ఆంటీ గేట్లు కొట్టింది, రెజిమెంట్ మొత్తం కదిలింది. ఈసారి గొడుగు వెనకాల మొదటి మనిషిని నేను. మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి బాల్కనీలో నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆయన్ను తర్వాత చూసుకోవచ్చని ముందుకు నడిచాను.

ఆరోగ్య కేంద్రంలో ఒక గది, రెండు బెంచీలు, ఐస్ బాక్సు పక్కన సిస్టరమ్మ. "ఏం ఆంటీ, ఎటు పోయిన్రు ఇన్ని దినాలు? నా మీద అలిగిన్రా?" అందామె. ఆంటీ గదిలో ఆ చివరకు పోయి, గోడ మీదున్న పోస్టరుకు మొహం ఆనించినంత దగ్గరగా నిలబడింది. చదువుతోందేమో అనుకున్నాను. పోస్టరు తలకిందులుగా అతికించి ఉంది.

"ఆమెకేమైంది?" అని షబానాను అడిగాను.

"ఏం కాలే అక్కా. ఆమె ఎన్నడు సూడదు. సూదంటే కండ్లు తిరుగుతయ్ ఆంటీకి."

"ఏంది? ఇన్నేళ్ల నుంచి వస్తున్నదిగా! మరి పిల్లల్ని ఎవరు పట్టుకుంటరు?"

"ఎవరి పిల్లల్ని ఆల్లే పట్టుకుంటరు. ఆంటీ గోడను పట్టుకుంటది."

నిజమే. గొడుగు కింద పడేసి రెండు అరచేతులూ గోడకు ఆనించి ఉంది. లోపల్లోపల ఏదో గొణుగుతోంది.

చింటూను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గల్లీ తల్లులంతా వాణ్ణి చూడట్లేదు, నా మొహం చూస్తున్నారు. నేను కళ్లు మూసుకుంటే వాళ్లు లేచిపోతారు. అందుకని తెరిచే ఉంచాను. సిస్టరమ్మ చెయ్యి పట్టుకుంది, గుచ్చింది, తీసింది. చింటూ ఒక క్షణం ఆశ్చర్యపోయి, తర్వాత గది అదిరేలా అరిచాడు. ఆ సాయంత్రం కూడా వాడు ఫ్యానుతో తతతతా అన్నాడు. ఇప్పుడైతే అసలు నోరు మూయడు. మాటలు కాస్త ఆపే టీకా ఏదైనా ఉందేమో చూడమని మా ఆయన అంటుంటాడు. కానీ ఆ నిమిషాన ఇవేవీ నాకు తెలీదు. వాణ్ణి ఎత్తుకుని గోడ దగ్గరికి పోయాను.

"అయిందా?" అంది ఆంటీ, కళ్లు మూసుకునే.

"అయింది. ఆంటీ, నిజం చెప్పండి. ఆ రోజు నేను చదివింది మీరు నిజంగా నమ్మిన్రా? లేకుంటే నన్ను ఇక్కడిదాక తేవడానికి డ్రామా చేసిన్రా?"

గోడకే చెప్పింది.

"నమ్మాలనిపించిందమ్మా. అది నిజమైతే ఇంక నేనిక్కడికి రానక్కర్లేదు కదా."

తెల్లారేదాకా ఏడ్చే పిల్లాణ్ణి ఇంకోసారి భుజానేసుకుని తిరగకుండా తప్పించుకోవాలని నేనూ అదే నమ్మాను. ఆమెకు చెప్పలేదు. చెప్పే టైము కూడా దొరకలేదు. వెనక నుంచి షబానా నా మోచెయ్యి లాగింది.

"అక్కా, నాతోని కాదు. ఆపించింది నువ్వే గదా, నువ్వే పట్టుకో. ఫోన్ జెర లోపట పెట్టు."

ఫోన్ సంచీలో పడేశాను. మరి చింటూను ఎవరికివ్వాలి? ఆంటీ భుజం మీద వేశాను. ఆమె కళ్లు తెరవకుండానే వాణ్ణి పొదివి పట్టుకుని, గోడకేసి నిలబడే వీపు నిమరడం మొదలుపెట్టింది. వాడు ఆమె భుజం మీద నుంచి తడి మొహంతో నన్నే చూస్తున్నాడు.

బెంచీ మీద కూర్చుని షబానా కూతుర్ని ఒళ్లోకి తీసుకున్నాను. అది కాలితో నా గడ్డం మీద తన్నింది. తర్వాతి పిల్లాడు నా డ్రెస్సు నిండా ఉచ్చ పోశాడు. ఆ తర్వాతిది నా చెయ్యి కొరికింది. వరసలో ఒక్కో తల్లీ బిడ్డను నా ఒళ్లో పెట్టి మొహం పక్కకు తిప్పుకుంటోంది. ప్రతి అరుపుకూ గోడ దగ్గర నుంచి ఆంటీ గొంతు.

"అయిందా?"

"కాలే ఆంటీ, ఇంక ఉన్నరు. మీరు అటే చూడండి."